యంత్రసామ్రాజ్యమును ఎదిరించిన చీరాల



"యంత్రసామ్రాజ్యము" అను మాట వినగానే ఇనుపమనుష్యులు దండెత్తివచ్చి మానవులను బానిసలుగా చేసికొను చలనచిత్రముల కథలు మీ మనుమలకు స్ఫురింపవచ్చును. నేను చెప్పబోవునది కట్టుకథ కాదు. కృష్ణాడెల్టా పడమటి అంచున, నేతగాండ్రును రైతులును వర్తకులును కాపురముండిన చీరాల-పేరాలలో 1921వ సంవత్సరమున జరిగిన సంగతి.

ముందుగా మాటను విప్పి చూతము. యంత్రశబ్దమునకు మూలమైన "యమ్" ధాతువునకు అదుపు చేయుట, కట్టిపట్టుట అని అర్థము. నియమము, సంయమము, నియంత, నియంత్రణము అనునవి యన్నియు దాని చుట్టములే. కనుక దేనినైనను అదుపులో నుంచు సాధనము యంత్రము. ఇక మనుష్యశబ్దమునకు యాస్కాచార్యులు నిరుక్తమున ఒక చక్కని నిర్వచనము చేసియున్నారు. ముందుగా మనస్సున ఆలోచించుకొని, ఆ పిమ్మట తన పనులను ఒకదానితో నొకటి కుట్టుకొనిపోవువాడు మనుష్యుడని ఆయన భావము. ఈ నిర్వచనము తలచినప్పుడెల్ల నాకు మగ్గపుగుంటలో కాళ్లుంచి కూర్చున్న నేతగాడు కన్నులకు కట్టును. పడుగు ఎంత, పేక ఎంత, అంచున ఏ రంగు అని తలచునదియు అతడే, నాడె ఆడించునదియు అతడే. ఆలోచనయు చేతిపనియు ఒక్కనియందే కలిసియుండుట మనుష్యత్వమైనచో, ఆ రెంటిని విడదీయుటయే మనుష్యత్వమును ఊడబెరుకుట యగును.

యంత్రములన్నియు చెడ్డవని నా తాత్పర్యము కాదు. అట్లనినచో బెజవాడవారు నన్ను తీసికొనిపోయి కాలువలో త్రోయుదురు. మన పెద్దలకు యంత్రములు తెలియనివియు కావు. భోజుని సమరాంగణసూత్రధారమున యంత్రములకు ఒక అధ్యాయమే కలదు. అందు మరబొమ్మలు, కొయ్యపక్షులు సైతము ఉన్నవి. 1832-33లో నందననామ సంవత్సరపు కరువున గుంటూరు సీమ శ్మశానమైనది. అటుపిమ్మట 1852 మొదలు 1855 వరకు బెజవాడవద్ద ఆనకట్ట కట్టబడినది. దానికి బదులుగా 1957లో ప్రకాశం బరాజు వచ్చినది. ఆ తలుపులును యంత్రములే. అవి అదుపుచేయునది నీటిని, మనలను కాదు. ఆనకట్ట కట్టించినది ఆంగ్లప్రభుత్వమే గదా యని మీరు అడుగవచ్చును. నిజమే. నీటితీరువ వసూలు చేసికొన్నదియు ఆ ప్రభుత్వమే. అయినను మెతుకు పెట్టిన పనిని కాదనుట ధర్మము కాదు.

మరి కలహము దేనితో?

1611లో "గ్లోబు" అను ఓడ మచిలీబందరు రేవునకు వచ్చినది. దానిలో వచ్చిన ఆంగ్లేయులు బందరులో కొఠీ పెట్టిరి. వారిని సముద్రములు దాటించి తెచ్చిన ముఖ్యవస్తువు మన బట్ట. కోరంగిమొదలు మోటుపల్లివరకు గల తీరమున నేసిన సన్నబట్టలకును అద్దకములకును దేశాంతరములందు అంత గిరాకి యుండెను. రెండువందలయేండ్లకు కథ తలక్రిందులైనది. కొనుటకు వచ్చినవారు అమ్ముటకు మొదలిడిరి. లంకాషైరు మిల్లుబట్ట ఓడలనిండ మన రేవులలో దిగినది. మన నేతగాండ్ర బొటనవ్రేళ్లు నరికిరని ఒక కథ ఊరూర చెప్పుదురు. దానికి గట్టి ఆధారము లేదు. కత్తితో పనియే లేకపోయినది. మన బట్టకు వారి దేశమున పెద్దసుంకము, వారి బట్టకు మన దేశమున చిన్నసుంకము: ఇంతమాత్రము చాలినది. వ్రేళ్లు చేతికే యున్నవి గాని వానికి పనిలేదు.

ఈ అన్యాయము మనకే జరిగినదనుకొనుట కూడ పొరపాటే. 1811, 1812 సంవత్సరములలో ఇంగ్లండున నాటింగుహాము ప్రాంతపు చేతిపనివారు రాత్రులందు సుత్తెలతో మేజోళ్లు అల్లు యంత్రములను పగులగొట్టిరి. వారిని లడ్డైటులని పిలిచిరి. యంత్రము పగులగొట్టినవానికి మరణదండన విధించుచు అచటి పార్లమెంటు 1812లో శాసనము చేసినది. ఇనుమునకు బదులుగా ప్రాణము! బైరను అను కవి ప్రభువుల సభలో లేచి దానికి అడ్డుచెప్పెను గాని ఆయన మాట చెల్లలేదు.

సుత్తెతో కొట్టినచో యంత్రము విరుగును. మరుసటిదినమున క్రొత్త యంత్రము వచ్చును. చీరాలవారు ఈ సంగతి ఎరిగినట్లే నడిచిరి. వారు ఎదిరించినది మిల్లుకంటె పెద్దదియగు యంత్రమును. అది కాగితములతో నడచునది. దాని చక్రములు దస్తావేజులు, పండ్లు పన్నులపట్టీలు, అందు పోసిన గింజలు మనుష్యులు. నేను ముప్పదియేండ్లు బడిలో హాజరుపట్టీ పిలిచినవాడను. సంఖ్య పిలిచినచో పిల్లవాడు "ఉన్నా"నని కేకవేయును, పేరు పిలిచినచో తలయెత్తి చూచును. దొరతనమునకు కేక చాలును, ముఖముతో పనిలేదు.

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి అప్పటికి ఒక యూనియనుగా నుండెను. ఏటికి నాలుగువేల రూపాయలు పన్నుగా వచ్చుచుండెను. 1919లో ప్రభుత్వమువారు దానిని మునిసిపాలిటీగా మార్చిరి. పన్ను నలుబదివేల వరకు పోవునని తేలినది, అనగా పదిరెట్లు. మాకు ఈ వైభవము వద్దని ప్రజలు అర్జీలు పెట్టుకొనిరి. వినువారు లేరు. ఎన్నికైన సభ్యులు రాజీనామాలిచ్చిరి. అయినను యంత్రము ఆగలేదు. అధికారులను పెట్టి నడిపిరి. పన్ను చెల్లింపమని పట్టుపట్టి చెరసాలకు పోయినవారిలో ఒక స్త్రీయు ఉండెను.

అట్టి సమయమున దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వారికి నాయకులైరి. ఆయన 1889లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించిరి. ఎడింబరోలో చదివి ఎం. ఏ. పట్టము పొందిరి. ఆనందకుమారస్వామిగారితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఇంగ్లీషులోనికి తెచ్చిరి. అది 1917లో అచ్చైనది. వ్రేలు ఎట్లు వంచిన ఏ భావము పుట్టునో చెప్పు గ్రంథమది. తిరిగివచ్చి, బందరులో కోపల్లె హనుమంతరావుగారు మొదలగువారు 1910లో స్థాపించిన ఆంధ్రజాతీయకళాశాలలో పనిచేసిరి. ఆ కళాశాలలో పుస్తకమును, మగ్గమును, వడ్రంగపు ఉలియును ఒకే కప్పుక్రింద నుంచిరి. తలకును చేతికిని మధ్య గోడ కట్టరాదని వారి పట్టుదల. అట్టిచోటు చూచినవాడు నేతగాండ్ర ఊరికి నాయకుడగుట వింత కాదని నా తలంపు.

1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. ఆ జూను ముగియులోపల తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమున ఇరువదిలక్షల రాట్నములు సమకూర్పవలెనని అచట తీర్మానించిరి. పింగళి వెంకయ్యగారు పతాకము గీసి గాంధీగారికి చూపినది ఆ దినములలోనే. దానిపై రాట్నము ఉండవలెనని సూచించినవారు జలంధరమునకు చెందిన లాలా హంసరాజుగారు. రాట్నమును యంత్రమే. కాని త్రిప్పు చేయి ఆగినచో అదియు ఆగును. మిల్లున ఇందుకు విరుద్ధము: యంత్రము ఆగువరకు చేయి ఆగరాదు.

ఆ ఏప్రిలునందే గాంధీగారు చీరాలకు వచ్చిరి. ప్రజలు కష్టము చెప్పుకొనిరి. ఆయన రెండు దారులు చూపిరి: శాంతము తప్పక పన్ను నిరాకరించి వచ్చిన శిక్ష అనుభవించుట ఒకటి, మునిసిపాలిటీ ఎల్లలు దాటి ఊరే విడిచిపోవుట రెండవది. ప్రజలు రెండవదారి పట్టిరి.

ఊరు విడిచిపోవుట యనగా ఏమో పెద్దలైన మీకు వేరుగ చెప్పనక్కరలేదు. తాతలనాటి గడప, ఇంటి నూయి, పెరటి తులసికోట. నేతగాని సంగతి ఇంకను కష్టము. మగ్గమును విప్పి నెత్తిన పెట్టుకొని పోవచ్చును గాని గుంటను ఎత్తుకొని పోలేము. క్రొత్తచోట క్రొత్తగుంట త్రవ్వుకొనవలసినదే. ఆ వేసవిలో పదునైదువేల జనములో పదుమూడువేలకు పైగా ఇండ్లు విడిచి ఎల్లల కావల పాకలు వేసికొనిరి. ఆ పాకల ఊరికి రామనగరమని పేరు పెట్టిరి. దుగ్గిరాలవారి రామదండు కావలి కాచినది. కులములవారీగా ప్రతినిధులను ఎన్నుకొని సభ నేర్పరచుకొనిరి. తగవులను పంచాయతీలో తీర్చుకొనిరి.

ఇటు మునిసిపాలిటీ మిగిలినది. అందు అధికారి కలడు, గుమాస్తా కలడు, పన్నులపట్టీ కలదు. పట్టీలోని పేర్లకు ఎదుట మనుష్యులు లేరు. గానుగ తిరుగుచునే యున్నది గాని గింజలు లేవు. ఒక తీగ తెగలేదు, ఒక కిటికీ పగులలేదు. అదుపునకు లోబడు వస్తువే తొలగిపోయినచో అదుపుచేయు సాధనము ఏమి చేయును? యంత్రధ్వంసము అనదగినది ఇది యని నా యభిప్రాయము. నాటింగుహాము సుత్తెలు చేయలేనిది తాళము వేసిన తలుపులు చేసినవి.

పదునొకండు నెలలు గడచినవి. ఎండలు, వానలు, చలి అన్నియు పాకలలోనే. పన్ను పదిరెట్లైనను అందరు కలిసి భరింపగల సొమ్మే గదా, దీనికొరకు ఇంత క్లేశమా యని ఆనాడును అడిగినవారు ఉందురు, ఈనాడును అడుగుదురు. లెక్క చూచినచో ఆ ప్రశ్న న్యాయమే. పసిబిడ్డలను పాకలో పడుకొనబెట్టిన తల్లికి ఆ ప్రశ్న ఎన్ని రాత్రులు తోచియుండునో. దుగ్గిరాలవారిని మాటలాడరాదని శాసించి, ఆ శాసనము మీరినందుకు బంధించి, ఏడాది శిక్ష విధించి తిరుచిరాపల్లి చెరసాలకు పంపిరి. నాయకుడు లేక, ధనము లేక, 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా పిదప దేశమంతట ఉద్యమము నిలిచిపోగా, ప్రజలు తమ ఇండ్లకు తిరిగివచ్చిరి. మునిసిపాలిటీ నిలిచినది.

ఓడిపోయిరని చరిత్రపుస్తకములు వ్రాసినను నేను కాదనను. కాని ఎవరు ఓడిరో గమనింపుడు. వెళ్లినప్పుడు వారు పన్నులపట్టీలోని అంకెలు. వచ్చినప్పుడు ఆ అంకెలకు ముఖములున్నవని దేశమునకంతకు తెలిసియుండెను.

చీరాలవారు తొలగించినది గింజలను. ఆ చలికాలముననే గుంటూరుజిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు భూమిశిస్తు నిరాకరించిరి. అచట మరియొక విశేషము జరిగినది. గ్రామోద్యోగులు పలువురు పనులు వదలుకొనిరి. ఇది మీకు ఎక్కువగా ఎక్కవలసిన సంగతి. ఏలయన, పరసామ్రాజ్యము సముద్రము కావలనుండి నడచినను దాని చేతివ్రేళ్లు మన ఊళ్లలోని మునసబు, కరణములే. శిస్తుపుస్తకము మూసి కరణము ఇంటికి పోయినచో లండనులోని మంత్రికి మన ఊరిలో పొలము ఎవరిదో తెలియదు. ఆ పోరాటమును చౌరీచౌరా తరువాత నిలిచిపోయినది. పెద్దసైన్యములు చేయలేని పనిని కొలదిదినములు కొందరు లెక్కలవాండ్రు చేసి చూపిరి.

ఆ సామ్రాజ్యము 1947లో పోయినది. పతాకము మీది రాట్నము స్థానమున అశోకచక్రము వచ్చినది. దుగ్గిరాలవారు అది చూడలేదు. 1928లో, నలుబదియేండ్లు నిండకయే దరిద్రముతో, వ్యాధితో కన్నుమూసిరి. బెజవాడలో ఆంధ్రరత్న భవనమని ఆయన బిరుదుతో ఒక కట్టడము కలదు. దాని ముందునుండి పోవువారిలో ఆ పేరు ఎవరిదో తెలిసినవారు తక్కువ.

పన్నులపట్టీలు మాత్రము పోలేదు, రూపము మార్చినవి. ఇప్పటి ప్రభుత్వము మనము ఎన్నుకొన్నది, ఇచ్చునదియు బియ్యమే గాని పన్నుపోటు కాదు. కావున దీనిని ఆ సామ్రాజ్యముతో పోల్చుట నా ఉద్దేశము కాదు. అయినను ఒక సంగతి చెప్పక తప్పదు. చౌకధరల దుకాణములకు వ్రేలిముద్ర పట్టు యంత్రము వచ్చి పదియేండ్లు దాటినది. దొంగకార్డులు తగ్గించుటకు అది వచ్చినది. కాని జీవితమంతయు నూలుపోగు లాగినవాని వ్రేళ్లమీదను, నాట్లువేసి కలుపుతీసిన ముసలమ్మ వ్రేళ్లమీదను గీతలు అరిగిపోవును. వారు వ్రేలు పెట్టినప్పుడు యంత్రము "వీరు వారు కా"రనును. దుకాణదారుడు ఆమెను చిన్ననాటినుండి ఎరుగును. వెనుక నిలుచున్న పదిమందియు ఎరుగుదురు. అయినను ముందుగా యంత్రము ఎరుగవలెను.

ఇట్టివారికి కంటిపాప చూపి గుర్తింపించుకొను మార్గము కలదు. ఆ మార్గము కలదని తెలియక సంచి మడిచి చంకనబెట్టుకొని తిరిగిపోవువారును కలరు. వరుసలో వెనుక నిలుచున్నవాడు ముందునకు వచ్చి, "ఈమె మా వీధి అమ్మ, మేమెరుగుదుము, రెండవ మార్గమున చూడుడు" అని గట్టిగా చెప్పినచోట ఆ పూట ఆమెకు బియ్యము అందుచున్నది.