సంతకానికి ముందు కాయితం మొత్తం కనపడాలి

(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజి గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. మేం ప్రింటు కాయితం గురించి చెబుతాం. ఇదేం మాటని నవ్వకండి.

మా సమాఖ్య ఆఫీసులో సభ్యుల అప్పుల లెక్క మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఉంది. ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉండే డేటాబేస్ అది. నెలనెలా దాన్నుంచి సంఘానికొక పట్టిక తీసి సంతకాలు పెట్టించేవాళ్లు. బటన్ నొక్కితే తెర మీద ఏమీ చూపించకుండా నేరుగా ప్రింటర్లో కాయితాలు పడేవి. పేరు, తీసుకున్న అప్పు, కట్టిన అసలు, కట్టిన వడ్డీ మొదటి కాయితంలో ఉండేవి. చివరి గడి, అంటే ‘మిగిలిన బాకీ’, రెండో కాయితం మీదికి పోయేది. ఆ రెండోది పనికిరానిదని ప్రింటర్ పక్కనే పడుండేది. మిరపకాయలు అమ్మి అప్పు తీరిపోయిందనుకున్న ఒక అక్క కొత్త అప్పుకు వెళ్తే, పాత బాకీ ఉంది, నువ్వే సంతకం పెట్టావు కదమ్మా అన్నారు. పెట్టిన మాట నిజమే. బాకీ ఎంతో ఆమె పెట్టిన కాయితంలో లేదు.

సాఫ్ట్‌వేర్ అంతే, మార్చకూడదు అని మాకు చెప్పారు. మాలో చాలామందిమి పదో తరగతి చదివినవాళ్లం. అయినా పక్కన కూర్చుని చూశాం. లెక్కలు టేబుల్లో ఉంటాయి, రిపోర్టు వాటిని చూపించే అచ్చు మాత్రమే. అచ్చు మారిస్తే లెక్క మారదు. అయినా ముందు ఫైలుకు ఒక కాపీ తీసి పెట్టుకున్నాం.

బటన్ వెనకాల రిపోర్టు తెరవమని ఒక లైను రాసి ఉంటుంది. ఎలా తెరవాలో అందులో చెప్పకపోతే యాక్సెస్ నేరుగా ప్రింట్ కొట్టేస్తుంది. రిపోర్టు పేరు తర్వాత ‘ఏసీవ్యూప్రివ్యూ’ అని చేర్పిస్తే ముందు తెర మీద పేజీలుగా చూపిస్తుంది. అదే లైనులో సంఘం నంబరు షరతుగా పెట్టించాం. ఇప్పుడు ఒక్క సంఘం కాయితం కోసం మండలమంతా ప్రింట్ తీసే పనిలేదు. రిపోర్టు మీద రెండుసార్లు నొక్కితే వచ్చే ‘రిపోర్ట్ వ్యూ’ చూసి సరిపోయిందనుకోకండి. అందులో పేజీ ఎక్కడ తెగుతుందో కనపడదు. ‘ప్రింట్ ప్రివ్యూ’ లోనే చూడాలి.

బాకీ గడి ఎందుకు జారిందంటే, రిపోర్టును ‘లెటర్’ సైజు కాయితానికి గీశారు. దాని వెడల్పు 21.6 సెంటీమీటర్లు. మన దగ్గర దొరికే ఏ4 వెడల్పు 21. ఆరు మిల్లీమీటర్ల తేడాకే అంత రభస! రిపోర్టు వెడల్పు, రెండు వైపులా మార్జిన్లు కలిపి కాయితం వెడల్పు దాటకూడదు. పేజీ సెటప్‌లో ఏ4 పెట్టి, గడులు కొంచెం కుదించాం.

పేర్ల గడిని మాత్రం కుదించనివ్వలేదు. అసలే ఇరుకై నాగేశ్వరమ్మ అన్న పేరు ‘నాగేశ్వర’ దగ్గర ఆగి మగపేరు అయిపోయేది. ఒత్తులు కింద తెగిపోయేవి. గడి ఎత్తు పెంచి, ‘క్యాన్ గ్రో’ కు ‘ఎస్’ పెట్టాక పేరు పట్టకపోతే రెండో వరుసలోకి దిగుతోంది. ఒక సంఘం పట్టిక రెండో పేజీకి పోతే గడుల పేర్లు అక్కడా రావాలని ‘రిపీట్ సెక్షన్’ కూడా పెట్టించాం. 2022 ఏప్రిల్ 4న మన పల్నాడు జిల్లా ఏర్పడినా, కాయితం పైన ‘గుంటూరు జిల్లా’ అనే వస్తుండేది. అదీ మార్పించాం.

ఇప్పుడు ప్రతి నెలా ప్రింట్ తీసే ముందు ఇద్దరు సభ్యులు తెర ముందు కూర్చుని చివరి గడి దాకా చదువుతున్నారు. ఆలస్యమవుతోందని విసుక్కునేవాళ్లు ఉన్నారు. విసుక్కోనీండి.

మీ దగ్గరున్న ఫైలు ఏసీసీడీఈ రకమైతే డిజైన్ తెరుచుకోదు. తయారుచేసిన వాళ్లను అసలు ఏసీసీడీబీ ఫైలు అడిగి తీసుకోండి, ఇస్తామని తీర్మానం పుస్తకంలో రాయించండి. భోజనాల తర్వాత ఆఫీసు గదిలో కంప్యూటర్ పెట్టి ఉంచుతాం. మీ సంఘం పాత కాయితం ఒకటి తెచ్చుకుంటే పక్కన పెట్టుకుని చూద్దాం.