చెరువు గట్టు మీద పన్ను గీత

(మండవల్లిలో ఇచ్చిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో, ఆయన జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పారు. అందుకే ఆయన పేరు మీద ఒక లెక్క గురించే మాట్లాడదామనుకున్నాను. అది ఆదాయపు పన్ను లెక్క.

మన ఊళ్లలో వరి చేనుకీ చేపల చెరువుకీ మధ్య ఉండేది ఒక గట్టు. నేల ఒకటే, నీరొకటే, చాలా చోట్ల రైతూ ఒకరే. ఆదాయపు పన్ను చట్టంలో మాత్రం ఆ గట్టుకి అటొక న్యాయం, ఇటొక న్యాయం. 1961 నాటి చట్టం వ్యవసాయాదాయాన్ని పన్నుకు దూరంగా ఉంచింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా దాని స్థానంలో తెచ్చిన 2025 చట్టం కూడా ఆ మినహాయింపును కదపలేదు. అయితే వ్యవసాయం అంటే ఏది? రాజా బినోయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు 1957లో తేల్చి చెప్పింది: దున్నడం, విత్తడం, నాటడం లాంటి మూల పనులు నేల మీద జరగాలి. శీలావతి, బొచ్చె, ఫంగస్ చేపలు, రొయ్య, ఇవేవీ నేలలో మొలిచేవి కావు. అందువల్ల చెరువు రాబడి వ్యాపారాదాయం కిందికి వస్తుంది. కడియం నర్సరీలో పెంచిన మొక్కల మీద వచ్చేది వ్యవసాయాదాయమేనని 2008లో చట్టంలో రాసుకున్నారు. చేప పిల్లలను పెంచేవారికి అలాంటి వాక్యం లేదు. కౌలు సంగతీ అంతే. పొలాన్ని వరికి కౌలుకిస్తే వచ్చే డబ్బుకు పన్ను లేదు, అదే పొలాన్ని చెరువు తవ్వుకోవడానికి లీజుకిస్తే ఉంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. ఆపైన ప్రతి 4 లక్షలకూ 5, 10, 15, 20, 25 శాతం చొప్పున రేటు పెరుగుతూ పోయి, 24 లక్షలు దాటిన భాగం మీద 30 శాతం అవుతుంది. పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షలు మించకపోతే రిబేటు వల్ల కట్టాల్సింది ఏమీ ఉండదు. జీతం మీద బతికేవారికి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది.

ఏడాదికి 15 లక్షల జీతం వచ్చే ఉపాధ్యాయురాలిని తీసుకోండి. 75 వేలు తీసేస్తే 14 లక్షల 25 వేలు. శ్లాబుల ప్రకారం పన్ను 93,750. దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 97,500. ఆమె చేతికి జీతం రాకముందే నెలనెలా ఇది కోత పడుతుంది. లీజు, పిల్ల, మేత, కరెంటు, మందులు, పట్టుబడి కూలీ అన్నీ పోగా 14 లక్షల 25 వేలు మిగిలిన చేపల రైతుకూ అంతే పన్ను. అదే మొత్తం వరి మీద మిగిలిన పెద్ద భూస్వామికి సున్నా.

ఇంకొక మెట్టు దిగి చూడండి. ఆ ఉపాధ్యాయురాలికే పుట్టింటివారిచ్చిన పొలం మీద 3 లక్షల కౌలు వస్తోందనుకోండి. కౌలుకు పన్ను లేదంటారు. కానీ 1973 నుంచి ఒక నియమం ఉంది: పన్ను పడే ఆదాయం ఉన్నవారికి వ్యవసాయాదాయం 5 వేలు దాటితే రేటు తేల్చడానికి దాన్ని కలిపి లెక్కిస్తారు. అలా లెక్కిస్తే ఆమె పన్ను సెస్సుతో 1,35,200 అవుతుంది. కట్టాల్సింది 37,700 పెరిగింది. పూర్తిగా వ్యవసాయం మీదే కోటి రూపాయలు గడించినవారిని మాత్రం ఈ నియమం తాకదు. ఉద్యోగస్తుల ఫిర్యాదు ఇదే, అందులో న్యాయం ఉంది.

ఈ గీత ఎవరు గీశారు? 1857 తిరుగుబాటు ఖర్చులు పూడ్చుకోవడానికి జేమ్స్ విల్సన్ 1860లో ఈ దేశంలో ఆదాయపు పన్ను తెచ్చాడు. ఏడాదికి 200 రూపాయలు వచ్చేవారి నుంచే మొదలైన ఆ పన్ను పరిధిలో వ్యవసాయాదాయం కూడా ఉంది. మన ప్రాంతం అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ ఈ పన్ను వద్దని వాదించి, తన అభ్యంతరాలను పత్రికలకెక్కించాడు. ఫలితంగా పదవి పోగొట్టుకుని ఇంగ్లండుకు తిరిగి వెళ్లాడు. 1886 చట్టం వ్యవసాయాన్ని బయట పెట్టింది. రైతు అప్పటికే భూమిశిస్తు కడుతున్నాడు కాబట్టి రెండోసారి వడ్డించకూడదన్నది ఆనాటి తర్కం. తరవాత 1935 చట్టం, ఆపైన రాజ్యాంగం ఈ అధికారాన్ని రాష్ట్రాలకు అప్పగించాయి. అందుకే ఢిల్లీ తలచుకున్నా ఒంటరిగా వ్యవసాయాదాయం మీద పన్ను వేయలేదు. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ వ్యవసాయ కమతాల మీద మెట్లవారీ పన్ను సూచించింది. ఏ రాష్ట్రమూ ముందుకు రాలేదు.

రాకపోవడానికి కారణాలు లేకపోలేదు. తుపానొస్తే పనల మీదున్న పంట నీటిపాలవుతుంది. ధర రైతు చేతిలో లేదు. పుస్తకాలు రాసే అలవాటు లేదు. అన్నింటికీ మించి, మన డెల్టాలో సాగు చేసేది ఒకరు, పాసుపుస్తకం ఉన్నది ఇంకొకరి పేరున. కాగితం చూసి పన్ను వేస్తే భూయజమాని ఆ భారాన్ని కౌలు మీదికి తోస్తాడు. ఈ భయం నిజమైనది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే ఆర్థికవేత్తలతో నేను ఏకీభవించను.

అయినా నా మాట ఇది: మనిషి ఎంత సంపాదించాడన్నదే పన్నుకు కొలత కావాలి, నేల మీద సంపాదించాడా నీళ్లలో సంపాదించాడా అన్నది కాదు. 12 లక్షల దాకా పన్ను లేని రోజుల్లో సన్నకారు రైతును కాపాడుతున్నది ఆ పరిమితే. ఆపైన మినహాయింపు కాపాడేది పెద్ద కమతాలను, వేరే చోట వచ్చిన డబ్బును వ్యవసాయాదాయమని చూపించుకునేవారిని. రాష్ట్రం చేయదలిస్తే ముందు అధిక వ్యవసాయాదాయం నుంచి, అదీ కౌలు రూపంలో కూర్చుని తినే ఆదాయం నుంచి మొదలుపెట్టాలి. దిగుబడి ఏటా మారే రైతుకు మూడు నాలుగేళ్ల సగటు మీద లెక్క కట్టాలి, ఒక మంచి ఏడు చూసి కాదు. వసూలైనది ఏ కాలవ పూడికకు, ఏ బడి కప్పుకు ఖర్చయిందో గ్రామసభలో చదివి వినిపించాలి.

కేంద్రాన్నీ అడగాల్సింది ఉంది. పన్నుల్లో పంచుకునే మొత్తంలో 41 శాతం రాష్ట్రాలకు రావాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. సెస్సు, సర్‌చార్జి మాత్రం ఆ పంపకంలోకి రావు. ఆ ఉపాధ్యాయురాలు కట్టే 4 శాతం సెస్సులో రాష్ట్రానికి హక్కుగా వచ్చే వాటా లేదు. సెస్సులు పెరిగినకొద్దీ పంపకం పలచబడుతుంది.

చేపల రైతు సోదరులకు ఒక ముక్క. చట్టం మిమ్మల్ని వ్యాపారులన్నది కాబట్టి వ్యాపారికున్న రక్షణ కూడా వాడుకోండి. తెగులొచ్చి చెరువు పోయిన ఏడు కూడా గడువులోపల రిటర్ను వేయండి. అలా వేస్తేనే ఆ నష్టాన్ని 8 ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి లాభాల్లోంచి తగ్గించుకోవచ్చు. మేత షాపుకు ఒక్క రోజులో 10 వేలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు, బ్యాంకు ద్వారా కట్టండి. లీజు కాగితం, తూకం చీటీ, కరెంటు బిల్లు దాచుకోండి. పుస్తకాలు రాయలేనివారికి 2 కోట్లలోపు అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకులో పడిన సొమ్ము మీద 6 శాతం లాభంగా చూపే సులువైన పద్ధతి ఉంది. ఆ దారిలో నష్టం చూపే వీలు లేదు. కాబట్టి మీ చెరువు తీరు చూసి ఎంచుకోండి.

పన్ను కట్టినవాడికే ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీసే ధైర్యం వస్తుంది. పేదవాడు కూడా సబ్బు నుంచి సెల్ రీచార్జి దాకా జీఎస్టీ కడుతూనే ఉన్నాడు, కాబట్టి ఆ ధైర్యం అతనికీ ఉండాలి. ఈ సభకు వచ్చిన విద్యార్థుల్లో ఒక్కరైనా తమ ఊరి ఆదాయ వ్యయాల పద్దు అడిగి తెప్పించుకుని చదవాలని, అర్థం కానిచోట పంచాయతీలో లేచి ప్రశ్నించాలని కోరుతున్నాను. న్యాయమైన పన్ను కోసం పోరాటం అక్కడే మొదలవుతుంది.