మన యాసకు తెర దొరికింది, మరి గోండికి?



ఇయ్యాల మనం ఫిల్మ్‌నగర్ గుట్ట కింద నిలబడి భాష ముచ్చట పెట్టుకుంటున్నం. జాగ సరైందే. మన మాటను నవ్వులపాలు చేసిన జాగ గూడ ఇదే. మద్రాసు నుంచి సినిమా వచ్చి ఈ జూబ్లీహిల్స్ రాళ్ల మీద స్థిరపడ్డది. భూమి మనది. కృష్ణానగర్ల పొద్దుగాల్నే షూటింగు పనికోసం ఎదురుచూసేటోళ్లల్ల మనోళ్లున్నరు. తెర మీద భాష మాత్రం మనది గాలేదు. హీరో నోట్లె కృష్ణా, గుంటూరు మాట. రౌడీ నోట్లె, పనిమనిషి నోట్లె, కమెడియన్ నోట్లె తెలంగాణ మాట. ‘రెండున్నర జిల్లాల భాష’ అని ఉద్యమంల ఊకెనే అనలేదు మనం.

బి. నర్సింగరావు నిర్మించిన ‘మా భూమి’, ఆయనే తీసిన ‘దాసి’ ఎదురీదినయి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2017ల ‘ఫిదా’ హీరోయిన్ బాన్సువాడ పిల్లగ మన మాటనే మాట్లాడింది. 2023ల ‘బలగం’ సినిమాకు సినిమానే మన పల్లె మాటల నడిచింది. యాస అదే. దాన్ని చూసే కన్ను మారింది. అధికారం చేతికొస్తే మాటకు గౌరవం అదే వస్తది.

కానీ కాయితం మీది అధికారం చాలదు. స్పానిష్ రాజ్యమేలే పెరూ దేశాన్ని చూడుండ్రి. ఆడ 1975లనే కెచువా భాషను స్పానిష్‌తోని సమానంగ అధికార భాష చేసిండ్రు. అయినా 2021 ఆగస్టుల ప్రధాని గిడో బెయీదో పార్లమెంటుల కెచువాల ప్రసంగం మొదలుపెడితే ప్రతిపక్ష సభ్యులు మాకు అర్థం గాదని లొల్లి చేసిండ్రు. చట్టమొచ్చిన 46 ఏండ్లకు! అదే పెరూల 2017ల ఆస్కార్ కతకోరా అనే యువకుడు పూర్తిగ ఐమారా భాషల ‘వినైపాచ’ సినిమా తీసిండు. కొండల మీద కొడుకు కోసం ఎదురుచూసే ముసలి ఆలుమొగల కథ అది. ఆ దేశం దాన్నే ఆస్కార్ పోటీకి పంపింది.

ఇగ మన మొఖం మనం అద్దంల చూసుకోవాలె. గోండి, కోలామి, కోయ, లంబాడి, దక్కనీ ఇవన్ని ఈ మట్టి మాటలే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంల గోండి మాట్లాడేటోళ్లు 29 లక్షలకు పైనే. అయినా గోండికి ఎనిమిదో షెడ్యూల్ల జాగ లేదు. ఆదిలాబాద్ గుంజాల ఊరి గోండి లిపి 2018ల యూనికోడ్‌ల చేరింది, కంప్యూటర్లకు ఎక్కింది. 2022ల వచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ల కొమురం భీముని పాట ప్రపంచమంత విన్నది. ఆ పాట తెలుగుల ఉన్నది. జోడేఘాట్‌ల నేలకొరిగిన భీముని తల్లిభాష గోండి.

నిన్న మన యాసను జూసి ఎవరన్న నవ్వితే కడుపు మండింది గదా! ఇయ్యాల బడిల లంబాడి పిల్ల మాటకు పంతులు నవ్వితే, సినిమాల గోండు పాత్రను వింత జేస్తే, ఆ నవ్వేటోళ్లల్ల మనం ఉండొద్దు. గోండు పాత్రకు గోండి మాట పెట్టుండ్రి, కింద తెలుగు అక్షరాలు వేయుండ్రి, ఆ మాట రాసే పని ఆ బిడ్డలకే ఇయ్యిండ్రి అని ఈ ఫిల్మ్‌నగర్‌ను మనమే అడగాలె. మన మాట కోసం కొట్లాడిన నోరుతోనే అడగాలె.

జై తెలంగాణ!