విత్తన గుళికలు – మా సంఘం అనుభవం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

పొదుపు, అప్పుల లెక్కలు ఇందాకే చదివారు కాబట్టి మేము విత్తనం సంగతి ఒక్కటే మాట్లాడతాం.

మన అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా వరుసగా పడదు. మే ఆఖర్లో ఒక జల్లు పడుతుంది, రెండు వేళ్ళ లోతు తడుస్తుంది. ఆ తడికే గింజ మొలకేస్తుంది. ఆ తర్వాత పదిహేను రోజులు చినుకు ఉండదు, మొలక మాడిపోతుంది. మళ్ళీ విత్తనం కొనాలి. ఆ డబ్బు ఎక్కడిది? సంఘం అప్పే కదా! మన తీర్మానాల పుస్తకాలు తిరగేయండి, జూన్, జూలై నెలల్లో "విత్తనానికి" అని రాసినవి ఎన్ని ఉన్నాయో మీకే తెలుస్తుంది.

ప్రకృతి వ్యవసాయంలో వానకు ముందే, ఏప్రిల్, మే నెలల్లో పొడి నేలలో నవధాన్యాలు చల్లుతున్నారు. కొర్ర, సజ్జ, పెసర, అలసంద, నువ్వులు, ఆముదం, గోంగూర అన్నీ కలిపే. దానికి ఉత్త గింజ పనికిరాదు, గుళిక కావాలి.

ముందు బీజామృతం. 100 కిలోల విత్తనానికి 20 లీటర్ల నీళ్ళు, 5 కిలోల ఆవు పేడ, 5 లీటర్ల ఆవు మూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు గట్టు మట్టి. పది కిలోలే ఉంటే పదో వంతు చాలు. గింజలు వెడల్పు బేసిన్‌లో పోసి బీజామృతం చిలకరించి, జల్లించిన బంకమట్టి పొడి చల్లుతూ గుండ్రంగా ఊపాలి. మళ్ళీ చిలకరించి ఘన జీవామృతం పొడి, మళ్ళీ చిలకరించి బూడిద. నీడలో ఆరబెట్టాలి. (చాటలో చెరిగిన చేతికే ఈ ఊపు వస్తుంది, మగవాళ్ళకు రాదని మావాళ్ళు నవ్వుతారు.) అలసంద, వేరుశనగ ఎక్కువ తడిపితే పొట్టు ఊడుతుంది, జాగ్రత్త. పొర మరీ మందమైతే నువ్వుల్లాంటి చిన్న గింజ చీల్చుకుని రాలేదు.

చిన్న జల్లు పడితే ఆ తడిని పై పొరే పీల్చుకుంటుంది. గట్టి వాన పడితేనే పొర కరిగి గింజకు నీరు అందుతుంది. చీమలు, పిట్టలు కూడా అంతగా ముట్టవు.

పోయిన ఏడాది మాలో ఆరుగురం తలా అరెకరంలో గుళికలు, పక్కనే ఒక పట్టెలో ఉత్త గింజ చల్లాం. మొదటి జల్లుకు ఉత్త గింజ మొలిచి ఎండిపోయింది. గుళికలు జూన్ వానకు లేచాయి. అయితే ఆరింటిలో ఒక చేను, ఏటవాలుది, మొలిచాక ఎండింది. ఆ చేలో కప్పుకోవడానికి పొట్టు దొరకలేదు. కాబట్టి గుళిక ఉంది కదా అని ధీమాగా ఉండకండి, నేల మీద వేరుశనగ పొట్టో, కంది కట్టో పరవాల్సిందే.

ఇక మా అసలు కోరిక. ఒక ఎకరం గుళికలకు ఇద్దరికి ఒక పూట పడుతుంది. ఆ పూటను ఎవరూ కూలిగా లెక్కపెట్టడం లేదు, ఇంటిపని కింద జమ అయిపోతోంది. గుళికల తయారీకి సమాఖ్య కూలి ధర కట్టాలి. ఆ పని ముందుగా భూమి లేని సభ్యులకు, ఒంటరి మహిళలకు ఇవ్వాలి. ఈ తీర్మానం ఇవాళే రాయమని అడుగుతున్నాం.

మార్చి సమావేశానికి ప్రతి సంఘం తమ విత్తనంలో 100 గింజలు తడిగుడ్డలో మొలకకట్టి తీసుకురండి. ఎన్ని మొలిచాయో అందరం కలిసే లెక్కపెడదాం.