కూలికి వచ్చిన హంస

వలచినవారికి కబురు పంపడానికి మధ్యవర్తిని ఆశ్రయించడం మనకు కొత్త కాదు. రుక్మిణి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుని ద్వారకకు పంపినది. నలుని గుణగణాలను దమయంతి చెవిని వేసినది హంస. వ్రాయనేరని తల్లులెందరో తపాలా కచేరీ అరుగుమీద కూర్చున్న లేఖరిచేత దూరదేశంలోని కుమారులకు ఉత్తరాలు వ్రాయించుకున్నారు. వ్రాత లేఖరిదనీ, మనసు తల్లిదనీ చదివే కుమారునికి తెలుసు. అందులో ఎవరూ మోసపోలేదు.

ఇప్పుడు మరొక విధమైన మధ్యవర్తి బయలుదేరాడు. చేతిఫోనులో తోడును వెదుక్కునే టిండర్ వంటి సాధనం 2012లో వచ్చింది. ముక్కూమొగం తెలియనివారితో మాట కలపడానికి తీరికా ఓపికా లేనివారు ఆ పనిని సొమ్మిచ్చి ఇతరులకు అప్పగించసాగారు. అటువంటి కొలువు చేసిన ఒక స్త్రీ 2018లో క్వార్ట్జ్ అనే పత్రికలో తన అనుభవాన్ని వ్రాశారు. పేరూ ఫొటో ఖాతాదారుడైన పురుషునివి; మాటలు ఆమెవి. తొలి పలకరింపు పంపేవారు ఒకరు. సంభాషణ నడిపి, అవతలి యువతి ఫోను నంబరు రాబట్టేవారు మరొకరు. రాబట్టిన ఒక్కొక్క నంబరుకు కూలి 1 డాలరు 75 సెంట్లు. 2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చిన తరువాత ఈ కూలిపనికి యంత్రం కూడా సిద్ధమైనది.

ఒకరు వ్రాసినదానిని మరొకరి కంఠంతో వినిపించడం రేడియోలో మేమూ నిత్యం చేసే పనియే. నాటకంలో నాయకుడు పలికే వలపు పలుకులు రచయితవి. అయితే ఆ రచయిత పేరు శ్రోతలకు చెబుతాము. తేడా అంతా ఆ ఒక్క ప్రకటనలోనే ఉన్నది.

బిడియస్థునికి స్నేహితుడు సలహా చెబితే తప్పేమిటని అడగవచ్చు. తప్పు లేదు. సలహా విన్నవాడు మాట తానే ఆడతాడు. ఇక్కడ సంగతి వేరు. తండ్రి పోయిన దుఃఖాన్నో, తనలోని ఒక భయాన్నో ఆ యువతి నమ్మి చెప్పుకుంటే, చదివేది జీతగాడు. దానికి ఆమె సమ్మతించలేదు. తీరా కలుసుకున్ననాడు, ఎదుట కూర్చున్న మనిషికి ఆ దుఃఖం సంగతే తెలియదు. నష్టం ఆమెకు మాత్రమేనా? ఆమె మెచ్చినది తనను కాదని ఎరిగినవాడు ఆ మెప్పును ఎన్నాళ్లు మోయగలడు?

దమయంతి స్వయంవరంలో ఇంద్రాదులు నలుగురూ నలుని రూపం దాల్చి కూర్చున్నారు. చెమట పట్టినవాడు, రెప్ప వేసినవాడు, మెడలో దండ వాడినవాడు, నేలపై నీడ పడినవాడు ఎవడో చూచి ఆమె తనవానిని గుర్తించినది. మానవుని కొరతలే అక్కడ ఆనవాళ్లైనవి. కూలికి వ్రాసేవాడు మొట్టమొదట తుడిచివేసేవి ఆ ఆనవాళ్లనే.

తోడు వెదుక్కుంటున్న యువతీయువకులకు మేము మనవి చేసేది ఒక్కటే. మాట తడబడితే తడబడనివ్వండి. జవాబు ఒకనాడు ఆలస్యమైతే కానివ్వండి. ఆ తడబాటును చూచి కూడా నవ్వుతూ బదులిచ్చినవారు మీకే బదులిచ్చినట్లు.