నల్లా గడపదాకా రావాలి

 

జూరాల గేట్లెత్తితే కృష్ణను చూసి మురిసిపోతాం. గద్వాల చివరి కాలనీలో మాత్రం బిందెలు ట్యాంకర్ కోసం వరసలో ఉంటాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లోనూ ఇదే గోస. 2016 అక్టోబర్ 11న మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. వెంచర్లు పెరిగాయి, వాటితోపాటే పంచాయితీ పెరిగింది.

లైను పొడిగిస్తే మా ధార తగ్గుతుందంటారు పాత బస్తీవాళ్లు. మేమూ ఇంటిపన్ను కడుతున్నామంటారు కొత్తవాళ్లు. ఇద్దరి మాటా నిజమే. మిషన్ భగీరథ లెక్కన మున్సిపాలిటీలో మనిషికి రోజుకు 135 లీటర్లు. ఐదుగురేసి ఉండే 100 ఇళ్లకు 67,500 లీటర్లు కావాలి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజూ పద్నాలుగు. ట్యాంకీ కట్టకుండా పైపు సాగదీస్తే చివరి నల్లాలో గాలే వస్తుంది. అందుకే రెండు బస్తీలూ కలిసి ట్యాంకీ, పైపు రెండూ అడగాలి.

మరి మన వంతు? ఎండాకాలం రాగానే బోరు వేయిద్దామంటాం. మంచి మనసే. కానీ భూమిలో నీళ్లు అడుగంటితే ఆ బోరూ ఎండుతుంది. మదీనాలో హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని అందరికీ వదిలారు. డబ్బులేనివాళ్లకూ నీళ్లకూ మధ్య ఉన్న అడ్డు తీశారు. మన దగ్గర ఆ అడ్డు లైను నుంచి గడపదాకా వేసే పైపు, ప్లంబర్ కూలి, కాగితాలు తిప్పే మనిషి. భర్త లేని తల్లి ఇంటికి, అది ఎవరి ఇల్లయినా సరే, ఈ ఖర్చు మీరు పెట్టుకోండి.

సదఖా-ఎ-జారియాలో జారియా అంటే పారుతూ ఉండేదని అర్థం. ఆ నల్లా తిప్పిన ప్రతిసారీ మీ సదఖా పారుతుంది, ఇన్షా అల్లాహ్.