నీటిలో అందరికీ తోడు కావాలి
(ఫ్లాట్ బుష్ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదికపై సాధారణంగా భాషను గూర్చి, సంగీత నృత్యాలను గూర్చి ప్రసంగాలు జరుగుతాయి. సముద్రగర్భంలో విహారాన్ని గూర్చి మాట్లాడమని మమ్మల్ని కోరిన కార్యవర్గం వారి సహృదయతకు కృతజ్ఞులము. మా ఇద్దరిలో ఒకరికి నడుము కింది భాగం స్వాధీనంలో లేదు. రెండవవారికి చెవులు వినపడవు. వీపున గాలి సిలిండరు కట్టుకొని నీటిలో దిగే స్కూబా విద్యను మేమిద్దరం కలిసి అభ్యసించాము.

ఎక్కడ ప్రసంగించినా మాకు రెండు మాటలు ఎదురవుతాయి: "అయ్యో పాపం!", "అబ్బ, ఎంత ధైర్యం!" రెండూ ప్రేమతో అనేవే. అయితే ఆ మాట అనేసి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతారు. "మీతో మేమూ వస్తాం" అనేవారు అరుదు. అందుచేత ఈనాడు ధైర్యం సంగతి పక్కనబెట్టి, తోడును గూర్చి మనవి చేస్తాము.

స్కూబా నేర్పేవారు మొదట చెప్పే నియమం, ఎంతటి బలశాలి అయినా ఒంటరిగా దిగరాదని. ఒకరి గొట్టాలు, పట్టీలు మరొకరు పరీక్షించాలి. ఒకరికి గాలి అయిపోతే రెండవవారు తమ గాలిని పంచి ఇవ్వాలి. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ ఊపిరి బిగబట్టరాదన్న సూత్రం అందరికీ ఒక్కటే. నోట మాట సాగదు గనుక అందరివీ చేతి సైగలే. బొటనవేలు పైకెత్తితే "భేష్" అని కాదు, "పైకి పోదాం" అని అర్థం. మాలో వినలేనివారు అక్కడ అందరికన్నా మాటకారి! నడవలేనివారి బరువును నీరే మోస్తుంది. వారు చేతులతో ఈదుతారు. కాళ్ళు తేలిపోకుండా బరువులు సర్దుకుంటారు. స్పర్శ తెలియని చర్మానికి రాయి గీసుకోకుండా, చలి సోకకుండా నిండు దుస్తులు ధరిస్తారు. వైద్యుని అనుమతి ముందే తీసుకోవాలి.

ఈ మార్గం మేము వేసినది కాదు. 1981లో కాలిఫోర్నియాలో జిమ్ గటాకర్ వికలాంగుల స్కూబా సంఘాన్ని స్థాపించారు. తనను తాను చూసుకొని తోడువారికి కూడా సాయపడగలవారికి ఒక తోడు చాలునని, అలా సాయపడలేనివారికి ఇద్దరు కావాలని ఆ సంఘం నిర్ణయించింది. ఎవరినీ ఒడ్డున వదిలేయలేదు. 2012లో ఇంగ్లండు కళాకారిణి స్యూ ఆస్టిన్ చక్రాల కుర్చీతోనే నీటిలో విహరించి, ఆ అనుభవాన్ని గూర్చి ప్రసంగించారు.

తోడు మనకు కొత్తా? 1903 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్ళిన మన పూర్వీకులు, ఒకే ఓడలో వచ్చినవారిని "జహాజీ" అని పిలుచుకొని బంధువులుగా చూసుకున్నారు. వారి సంతతి ఈ సభలో ఎందరో ఉన్నారు.

మరి పండుగనాడు నడవలేని బిడ్డను లోపలి గదిలో ఉంచడమేమిటి? అక్కకు సంబంధాలు రావన్న భయంతో వినలేని తమ్ముణ్ణి చుట్టాలకు చూపకపోవడమేమిటి? సైగల భాష న్యూజిలాండులో 2006 నుండి అధికార భాష. మన నాటకాలలో దానికి చోటిద్దాం. వేదికకు మెట్ల పక్కనే వాలుబాట వేయిద్దాం.

మీరంతా సముద్రంలో దిగనక్కరలేదు. వచ్చే ఆదివారం మన బారీ కర్టిస్ పార్కుకు ఆ బిడ్డలను వెంటబెట్టుకొని రండి. మేమిద్దరం అక్కడ ఉంటాము. ఈత మీద మక్కువ గలవారితో సంగతులు మాట్లాడుకుందాం.

సెలవు.